విశాఖ పారిశ్రామిక ప్రాంతంలో కార్మికభద్రత: ప్రమాద సమాచారం – భాష – హక్కు

వ్యాససంగ్రహం

విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల పారిశ్రామిక ప్రాంతంలో ఓడల నిర్మాణం, చమురుశుద్ధి, ఉక్కు పరిశ్రమల సరసన రసాయన, ఔషధ పరిశ్రమలు వేగంగా విస్తరించాయి. ఈ విస్తరణతోపాటు పెద్ద ప్రమాదాలూ పునరావృతమవుతున్నాయి. పరికరాలు, తనిఖీలు, శిక్షలు అనే కోణాలలోనే భద్రతను చర్చించడం పరిపాటి. ప్రమాదానికి సంబంధించిన జ్ఞానం దానికి బలి కాగల వ్యక్తికి చేరుతున్నదా అనే ప్రశ్నను ఈ వ్యాసం ప్రధానంగా స్వీకరిస్తుంది. చట్టం కార్మికునికిచ్చిన సమాచార హక్కును, ఆ హక్కు ఆచరణలో ఆగిపోయే చోట్లను, అందులో భాష నిర్వహించే పాత్రను పరిశీలించి, తెలుగు అధ్యయన రంగం చేయదగిన పనిని సూచిస్తుంది.

కీలకపదాలు: కార్మికభద్రత, వృత్తి ఆరోగ్యం, ప్రమాద సమాచారం, కాంట్రాక్టు కార్మికులు, కర్మాగారాల చట్టం, వృత్తిపదకోశం.

1. ఉపోద్ఘాతం

కర్మాగారంలో ప్రమాదం జరిగిన తరువాత తప్పు ఎవరిది, పరిహారం ఎంత అనే ప్రశ్నలు వెంటనే వినిపిస్తాయి. ఆ ప్రమాదం రాగలదని ముందుగా ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అనే ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. రసాయన పరిశ్రమలలో వాడే పదార్థాల స్వభావం చాలావరకు తెలిసినదే. ఏ ద్రవం ఎంత వేడికి మండే ఆవిరినిస్తుందో, ఏ వాయువు ఎంత మోతాదులో ప్రాణం తీస్తుందో దశాబ్దాలుగా గ్రంథస్థమై ఉంది. ప్రతి రసాయనానికీ భద్రతా సమాచార పత్రం ఉంటుంది. అయినా ఆ జ్ఞానం కవాటం తిప్పే చేతికి, ట్యాంకులోకి దిగే మనిషికి, ప్రహరీగోడ అవతల నిద్రించే కుటుంబానికి చేరకపోతే అది ఉన్నా లేనట్లే.

ఈ వ్యాసంలో ‘ప్రమాద సమాచారం’ అంటే ఒక పని, ఒక పదార్థం లేదా ఒక యంత్రం వలన కలుగగల హాని ఏమిటి, దాని ముందస్తు గుర్తులేమిటి, అది సంభవిస్తే ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అనే నాలుగు అంశాల సముదాయమని గ్రహించాలి.

2. పారిశ్రామిక విస్తరణ – ప్రమాదాల క్రమం

విశాఖలో ఆధునిక భారీ పరిశ్రమకు 1941లో నౌకానిర్మాణ కేంద్రంతో పునాది పడింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఆ తరువాతి దశలో పరవాడ ఔషధనగరి, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి రూపుదిద్దుకొన్నాయి. మొదటి దశ పరిశ్రమలు ఎక్కువగా ప్రభుత్వరంగానివి. వాటిలో స్థిర ఉద్యోగులు, బలమైన కార్మిక సంఘాలు, సొంత ఆసుపత్రులు ఉండేవి. రెండవ దశలో విభిన్న రసాయన చర్యలు నిర్వహించే ప్రైవేటు సంస్థలు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. వాటిలో కాంట్రాక్టు కార్మికుల పాత్ర ఎక్కువ.

ప్రమాదాలు రెండు దశలలోనూ ఉన్నాయి. 1997 సెప్టెంబరు 14న చమురుశుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు లీకై సంభవించిన విస్ఫోటనంలో సుమారు 60 మంది మరణించారు. 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారంలోని ఆక్సిజన్ విభాగంలో పేలుడు జరిగింది. 2013 ఆగస్టు 23న చమురుశుద్ధి కర్మాగారంలో శీతలీకరణ గోపురం వద్ద జరిగిన అగ్నిప్రమాదం ఇరవైమందికి పైగా ప్రాణాలు తీసింది. 2020 మే 7న గోపాలపట్నం సమీపంలోని వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. అదే ఏడాది జూన్ చివర పరవాడలోని ఒక ఔషధ సంస్థలో హైడ్రోజన్ సల్ఫైడ్ సోకి ఇద్దరు చనిపోయారు. ఆగస్టు 1న నౌకానిర్మాణ కేంద్రంలో క్రేన్ కూలి 11 మంది మృతిచెందారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఔషధ సంస్థలో జరిగిన పేలుడు 17 మందిని బలిగొన్నది.

ఈ ఘటనల సాంకేతిక కారణాలు వేర్వేరు. వాటినన్నింటినీ ఒకే సూత్రానికి కుదించడం సరికాదు. అయితే సమాచారం ఎక్కడ నిలిచిపోతుందో తెలుసుకోవడానికి వీటిలో రెండింటిని కొంత వివరంగా పరిశీలించవచ్చు.

3. సమాచారం నిలిచిపోయిన చోటు

3.1. స్టైరీన్ ఉదంతం

స్టైరీన్ ద్రవరూపంలో ఉండే రసాయనం. దీని అణువులు ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా కలుస్తూ పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌గా మారతాయి. ఈ చర్యలో వేడి పుడుతుంది. పుట్టిన వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. అందువలన నిలువ ఉంచిన స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, తగిన మోతాదులో నిరోధక రసాయనం కలపాలి, ట్యాంకులోని వివిధ ఎత్తులలో ఉష్ణోగ్రతను గమనిస్తుండాలి. లాక్‌డౌన్ కాలంలో కర్మాగారం ఆగిపోయి ఉండగా వెంకటాపురం ట్యాంకులో ఈ చర్య అదుపు తప్పింది. స్టైరీన్ 145 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఆ స్థాయి దాటడంతో ఆవిరి పెద్దయెత్తున వెలువడింది.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం 2020 జులైలో నివేదిక సమర్పించింది. ట్యాంకు అడుగుభాగంలో మాత్రమే ఉష్ణోగ్రతను కొలవడం, నిరోధక రసాయనం చాలకపోవడం, శీతలీకరణలో లోపాలు, హెచ్చరిక సైరన్‌ను మోగించకపోవడం వంటి అంశాలను అది ఎత్తిచూపింది. ఇక్కడ సమాచారం రెండు స్థాయిలలో నిలిచిపోయింది. ట్యాంకు పైభాగంలో పెరుగుతున్న వేడి అడుగున ఉన్న పరికరానికి తెలియలేదు. ఆవిరి వెలువడిన సంగతి సైరన్ ద్వారా గ్రామానికి తెలియలేదు. తెల్లవారుజామున మేలుకొన్నవారికి ఆ వాసన దేనిదో, ఎటు వెళ్ళాలో చెప్పేవారు లేరు. స్టైరీన్ ఆవిరి గాలికంటె బరువైనది. నేలకు దగ్గరగా, పల్లపు ప్రాంతాల వైపు పాకుతుంది. గాలి వీచే దిశకు అడ్డంగా, ఎత్తైన చోటికి వెళ్ళాలన్న ఒక్క వాక్యం ముందే తెలిసి ఉండటం అటువంటి వేళ ఎంతో విలువైనది.

3.2. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉదంతం

హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉంటుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అతి స్వల్ప మోతాదులోనే ముక్కు దానిని పసిగడుతుంది. కానీ పది లక్షల భాగాల గాలిలో ఈ వాయువు సుమారు 100 భాగాలకు చేరితే ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. మోతాదు ఇంకా పెరిగితే స్పృహ తప్పి, ఊపిరి ఆగిపోతుంది. అంటే మొదట వాసన వచ్చి తరువాత రాకపోవడం ప్రమాదం తొలగిందనడానికి గుర్తు కాదు. పెరిగిందనడానికి గుర్తు కావచ్చు. వాసన ఉంటేనే ప్రమాదమన్న ఇంగితజ్ఞానం ఇక్కడ మనిషిని మోసగిస్తుంది.

పడిపోయిన తోటివానిని కాపాడటానికి వెళ్ళినవారు కూడా పడిపోవడం ఇటువంటి వాయువుల విషయంలో ప్రపంచమంతటా కనిపించే విషాదం. మురుగు గుంతలలో, రసాయన వ్యర్థాల ట్యాంకులలో ఇది తరచు సంభవిస్తుంది. శ్వాస పరికరం లేకుండా లోపలికి వెళ్ళకూడదన్న నియమం ధైర్యసాహసాలకు విరుద్ధమని తోచవచ్చు. ఆ నియమం వెనుక ఉన్న కారణాన్ని తెలిసినవాడే ఆ క్షణంలో దానిని పాటించగలడు. కనుక ఆదేశం ఒక్కటే చాలదు; కారణం కూడా చేరాలి.

4. చట్టంలో సమాచార హక్కు

1984 డిసెంబరు నాటి భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారాల చట్టానికి ముఖ్యమైన సవరణ జరిగింది. ప్రమాదకర ప్రక్రియల గురించి ప్రత్యేక అధ్యాయం చేరింది. దానిలోని 41బి సెక్షన్ ప్రమాదాల వివరాలను, వాటిని ఎదుర్కొనే పద్ధతులను కార్మికులకు, తనిఖీ అధికారులకు, స్థానిక సంస్థలకు, పరిసర ప్రజలకు వెల్లడించవలసిన బాధ్యతను యాజమాన్యంపై ఉంచింది. 41సి సెక్షన్ ఆరోగ్య రికార్డులను కార్మికులకు అందుబాటులో ఉంచాలన్నది. 41జి సెక్షన్ కార్మికులు, యాజమాన్య ప్రతినిధులు సమానసంఖ్యలో ఉండే భద్రతా సంఘాన్ని ఏర్పరచమన్నది. 41హెచ్ సెక్షన్ ఆసన్న ప్రమాదాన్ని గురించి హెచ్చరించే హక్కును కార్మికునికిచ్చింది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు భద్రతా సమాచార పత్రాన్ని తప్పనిసరి చేశాయి; కర్మాగారంలోపలి అత్యవసర ప్రణాళికకు ఆరు నెలలకొకసారి మాక్ డ్రిల్ జరపాలన్నాయి.

2020 నాటి వృత్తిసంబంధ భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల సంహిత 13 చట్టాలను ఒకచోటికి తెచ్చింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. సమాచారం పొందే హక్కు, ఆసన్న ప్రమాదాన్ని తెలియజేసే హక్కు దానిలోనూ ఉన్నాయి. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి కావడం మేలైన మార్పు. మరోవైపు, విద్యుత్తు వాడే కర్మాగారానికి కనీస కార్మికసంఖ్య 10 నుండి 20కి, వాడని వాటికి 20 నుండి 40కి పెరిగింది. ప్రమాదకర కార్యకలాపాలు జరిగే సంస్థలకు సంఖ్యతో నిమిత్తం లేకుండా సంహితను వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, చిన్న ఉపకాంట్రాక్టు సంస్థల విషయంలో ఆ అధికారాన్ని ఎలా వినియోగిస్తారన్నది కీలకం.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తించాలి. 41హెచ్ సెక్షన్ హెచ్చరించే హక్కునిచ్చింది. పని నుండి తప్పుకొనే హక్కును స్పష్టంగా పేర్కొనలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడిక, తీవ్రమైన ఆసన్న ప్రమాదం ఉన్నదని సహేతుకంగా నమ్మి పని నుండి తొలగిన కార్మికునికి రక్షణ కల్పించాలన్నది. 2022లో ఆ సంస్థ సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని మౌలిక హక్కుల సరసన చేర్చింది. హెచ్చరించిన తరువాత కూడా అదే ట్యాంకు వద్ద నిలబడవలసివస్తే ఆ హక్కు విలువ ఎంత అన్నది మన చట్టచింతన ఎదుర్కొనవలసిన ప్రశ్న.

5. భాష: చేరవేత – అవగాహన

కర్మాగారాల చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం ప్రకటనలు ఇంగ్లీషులోను, అధికసంఖ్యాకులైన కార్మికులకు అర్థమయ్యే భాషలోను ఉండవలసి ఉండేది. ఈ నియమం ఏర్పడిన కాలానికి అది ఉదారమైనదే. కాని నేడు విశాఖ ప్రాంతంలోను, హైదరాబాదు చుట్టుపట్ల పారిశ్రామికవాడలలోను ఒడిశా, బీహార్, జార్ఖండ్ మొదలైన రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు గణనీయంగా ఉన్నారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా మరణించారు. మృతులలో పలువురు ఇతర రాష్ట్రాలవారే. అధికసంఖ్యాకుల భాషలో ప్రకటన ఉన్నంత మాత్రాన అల్పసంఖ్యాకుల ప్రాణాలకు రక్షణ లభించదు. గల్ఫ్ దేశాలలో పనిచేసే తెలుగువారు ఇదే స్థితిని అవతలి వైపు నుండి అనుభవిస్తున్నారు.

తెలుగు కార్మికుని విషయంలోనూ సమస్య అనువాదంతో తీరిపోదు. ఔషధ పరిశ్రమలో విరివిగా వాడే టోలీన్ గురించి భద్రతా పత్రంలో ‘ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీల సెల్సియస్’ అని ఉంటుంది. దీనిని ‘జ్వలన బిందువు’ అని తెనిగించినా కార్మికునికి చేరేది స్వల్పం. ‘ఈ ద్రవం మంచుగడ్డ కాస్త కరిగేంత చలిలో కూడా మండే ఆవిరినిస్తుంది, మన ఊరి ఎండలో ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది, డ్రమ్ములో పోసేటప్పుడు ఎర్తింగ్ తీగ తగిలించకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు’ అంటే చేరుతుంది.

‘జడవాయువు’ అన్న పారిభాషిక పదాన్ని తీసుకొందాం. రసాయనశాస్త్రంలో అది నిర్దోషమైన అనువాదం. మంటలు రాకుండా రియాక్టర్లలో నత్రజనిని నింపి ‘జడ వాతావరణం’ కల్పిస్తారు. కాని ‘జడం’ అనగానే చలనం లేనిది, హాని చేయనిది అన్న భావమే స్ఫురిస్తుంది. సామాన్య వ్యవహారంలో ‘జడ’ అంటే తలజడ. నత్రజని నిండిన పాత్రలోకి తల పెట్టినవాడు రెండు మూడు శ్వాసలలో స్పృహ కోల్పోవచ్చు. రంగు, వాసన, మంట, దగ్గు వంటి హెచ్చరిక ఏదీ ఉండదు. శాస్త్రపరంగా సరైన పదం భద్రతపరంగా తప్పు భరోసానివ్వగలదనడానికి ఇది నిదర్శనం. ఆ పాత్రపై ఉండవలసిన మాట ‘లోపల ఊపిరాడదు’ అన్నది.

ఇక్కడ తెలుగు పరిశోధనకు ఒక మంచి పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటినుండే సేకరించింది. పదాలను పండితులు కల్పించడానికి బదులు వాడేవారి వద్దకు వెళ్ళడం ఆ పద్ధతిలోని విశేషం. రియాక్టరు ఆపరేటరు, వెల్డరు, బాయిలరు పనివాడు, ట్యాంకులు కడిగే కూలీ తమ పనిని, దానిలోని ప్రమాదాన్ని ఏ మాటలతో చెప్పుకొంటారో నమోదు చేసే ప్రయత్నం అదే పద్ధతిలో జరగవలసి ఉంది. ‘గ్యాసు కొట్టింది’, ‘షాక్ కొట్టింది’ వంటి వాడుకలలో కార్మికుడు తానెరిగిన ప్రమాదాన్ని తానే వ్యక్తీకరిస్తున్నాడు. భద్రతా శిక్షణ అక్కడినుండి మొదలు కావాలి.

6. కాంట్రాక్టు వ్యవస్థలో సమాచార విచ్ఛేదం

ప్రధాన సంస్థ, కాంట్రాక్టరు, ఉపకాంట్రాక్టరు, మేస్త్రీ, కార్మికుడు అన్న వరుసలో ప్రతి మెట్టుపైనా కొంత సమాచారం జారిపోతుంది. ప్రధాన సంస్థ ఇంజనీరుకు గొట్టంలో ఏముందో తెలుసు. మేస్త్రీకి ఆ గొట్టాన్ని ఎప్పటికి కోయాలో తెలుసు. కోసేవానికి తెలిసేది ఎక్కడ కోయాలన్నదే. మరమ్మతులు, శుభ్రపరచడం, పరీక్షార్థం యంత్రాలను నడపడం, ఆపిన కర్మాగారాన్ని తిరిగి ప్రారంభించడం వంటి అసాధారణ సమయాలలో ఈ విచ్ఛేదం మరింత ప్రాణాంతకం. రోజువారీ ఉత్పత్తికి రాసిన నియమాలు ఆ సమయాలకు సరిపోవు. ఆ పనులకు వచ్చేవారు తరచు ఆ కర్మాగారానికి కొత్తవారు.

ఈ లోపాన్ని పూడ్చడానికి ఉన్న సాధనం పని అనుమతి పత్రం. వాడుకలో ‘పర్మిట్’ అంటారు. వేడి పని, ఎత్తుపై పని, ట్యాంకులోపల పని వంటి వాటికి ముందుగా వాయువులను పరీక్షించి, గొట్టాలను వేరుచేసి, విద్యుత్తును ఆపి, తాళం వేసి, ఆ తరువాతే సంతకం చేయాలి. క్షేత్రంలో నిలబడి పరీక్షించకుండా కార్యాలయంలో కూర్చొని సంతకం చేసిన పర్మిట్ భద్రతను కల్పించదు. ప్రమాదం తరువాత చూపడానికి ఒక కాగితాన్ని మాత్రమే మిగులుస్తుంది. శిక్షణ రిజిస్టరు కూడా అటువంటిదే. దానిలోని సంతకం కార్మికుడు హాజరయ్యాడనడానికి సాక్ష్యం. అతనికి అర్థమైందనడానికి కాదు.

7. కనిపించని హాని: వృత్తివ్యాధులు

విస్ఫోటనం వార్త అవుతుంది. సాల్వెంట్ ఆవిరిని ఏళ్ళ తరబడి పీల్చడం వలన కలిగే నాడీ, కాలేయ సమస్యలు, చప్పుడు వలన వచ్చే వినికిడి లోపం, సిలికా ధూళి వలన వచ్చే సిలికోసిస్, చర్మవ్యాధులు వార్తలు కావు. కర్మాగారాల చట్టం మూడవ షెడ్యూలు వృత్తివ్యాధులను పేర్కొని, వాటిని గుర్తించిన వైద్యుడు అధికారులకు తెలియజేయాలన్నది. ఆ గుర్తింపు జరగాలంటే రోగి చేసే పని ఏమిటని వైద్యుడు అడగాలి. తాను ఏ పదార్థంతో పనిచేస్తున్నాడో రోగికి తెలిసి ఉండాలి. ఆ పేరు తెలియనివాడు ‘ఏదో పౌడరు సార్’ అంటాడు. రోగకారణం అక్కడితో మరుగునపడుతుంది.

ప్రమాదకర ప్రక్రియలలో పనిచేసేవారికి పనిలో చేరకముందు, ఆపైన 12 నెలలు మించని వ్యవధిలో వైద్యపరీక్షలు జరపాలని 41సి సెక్షన్ నిర్దేశించింది. కాంట్రాక్టు కార్మికుడు రెండేళ్ళలో మూడు కర్మాగారాలు మారితే అతని ఆరోగ్య చరిత్ర మూడు చోట్ల ముక్కలై ఉంటుంది. వ్యాధి లక్షణాలు బయటపడేనాటికి అతడు ఏ రిజిస్టరులోనూ ఉండకపోవచ్చు. కనుక ఆరోగ్య రికార్డు కర్మాగారంతో గాక కార్మికునితో ప్రయాణించాలి.

8. సూచనలు

ప్రమాద నివారణ చర్యలకు ఒక క్రమం ఉన్నది. ప్రమాదకర పదార్థాన్ని తొలగించడం ఉత్తమం. కాకపోతే తక్కువ హానికరమైన దానిని వాడాలి. ఆ తరువాత యంత్రపరమైన రక్షణలు, ఆపైన పని పద్ధతులు, చిట్టచివర హెల్మెట్, ముసుగు వంటి వ్యక్తిగత రక్షణ సాధనాలు వస్తాయి. సమాచారానికి పెద్దపీట వేయడమంటే బాధ్యతను కార్మికునిపైకి నెట్టడం కాదు. యంత్రపరమైన రక్షణలు లేవని గుర్తించి అడగగలిగే శక్తిని అతనికివ్వడం. ఈ దృష్టితో కింది సూచనలు చేయవచ్చు.

1) శిక్షణను సంతకంతో గాక పునఃకథనంతో కొలవాలి. కార్మికుడు తన పనిలోని ప్రమాదాన్ని, తాను చేయవలసిన దానిని తన మాటలలో తిరిగి చెప్పగలగాలి.

2) ప్రకటనల భాషను అధికసంఖ్యాకుల ప్రాతిపదికన గాక, ఆ షిఫ్టులో ఉన్న ప్రతివ్యక్తి ప్రాతిపదికన నిర్ణయించాలి. చదవడం రానివారికి బొమ్మలు, మౌఖిక బోధన తప్పనిసరి.

3) భద్రతా సంఘాలలో కాంట్రాక్టు కార్మికులకు, వలస కార్మికులకు ప్రాతినిధ్యం ఉండాలి.

4) మాక్ డ్రిల్‌లో ప్రహరీ అవతలి గ్రామాన్ని భాగస్వామిని చేయాలి. సైరన్ అర్థం, వెళ్ళవలసిన దిశ పాఠశాల పిల్లలకు సైతం తెలిసి ఉండాలి.

5) ప్రాణహాని జరిగిన ప్రతి ప్రమాదంపై విచారణ నివేదికను తెలుగులో ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఒక కర్మాగారం నేర్చిన పాఠం పక్క కర్మాగారానికి చేరే మార్గం అదే.

6) విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర శాఖలు రసాయన ఇంజనీరింగు, సామాజిక వైద్య శాఖలతో కలిసి పారిశ్రామిక భద్రతా వృత్తిపదకోశాన్ని క్షేత్రసేకరణ ద్వారా రూపొందించాలి.

9. ముగింపు

రాష్ట్రాల పారిశ్రామిక ప్రగతిని అనుమతుల వేగంతో, పెట్టుబడుల పరిమాణంతో కొలిచే ర్యాంకులు ప్రాచుర్యం పొందాయి. 2016లో సులభతర వాణిజ్య ర్యాంకులలో రెండు తెలుగు రాష్ట్రాలు సంయుక్తంగా ప్రథమస్థానంలో నిలిచాయి. అది గర్వించదగిన విషయమే. అనుమతి ఎన్ని రోజులలో వచ్చిందన్న లెక్కతోపాటు, ఆ కర్మాగారంలో పనిచేసేవాడు తన ముందున్న పాత్రలో ఏముందో చెప్పగలడా అన్న లెక్క కూడా ఉండాలి. మొదటి లెక్క పెట్టుబడిదారుకు అవసరం. రెండవది షిఫ్టు ముగిశాక ఇంటికి చేరవలసిన మనిషికి అవసరం. చట్టం ఆ మనిషికి తెలుసుకొనే హక్కునిచ్చి దాదాపు నాలుగు దశాబ్దాలైంది. ఆ హక్కును అతనికి అర్థమయ్యే మాటలలోకి తేవడం ఇంజనీర్లు, అధికారుల బాధ్యత మాత్రమే కాదు. భాషను అధ్యయనం చేసేవారి బాధ్యత కూడా.